కొలైటిస్‌కి ప్రొబయోటిక్స్ వాడితే మెసలమైన్ ఆపేయొచ్చా?

గుంటూరు_అక్క:
మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు. మోషన్‌లో రక్తం, జిగురు పడుతుంటే కొలొనోస్కోపీ చేసి చెప్పారు. మెసలమైన్ మాత్రలు మొదలుపెట్టాక రక్తం ఆగింది, ఒళ్లు కూడా చేశాడు. ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, ఇంకా ఎన్నాళ్లీ మాత్రలు అని ఇంట్లో రోజూ గొడవ. పైగా మా పిన్ని వాళ్ల పక్కింటాయన, పేగుల్లో మంచి బ్యాక్టీరియా తగ్గడం వల్లే ఈ జబ్బు వస్తుంది, ప్రొబయోటిక్ క్యాప్సూల్స్, పెరుగు, చద్దన్నం చాలు, మాత్రలు ఆపేయమన్నాడట. వాడు నిజంగానే ఆపేసేలా ఉన్నాడు, నాకు టెన్షన్‌గా ఉంది. ఏ ప్రొబయోటిక్, ఎంత డోసు వాడాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_ఫార్మసిస్ట్:
ముందు మాత్రలు ఆపనివ్వకండి అండీ. బాగున్నప్పుడు ఆపేసినవాళ్లలో చాలామందికి తిరగబెడుతుంది, ఒక్కోసారి స్టెరాయిడ్ల దాకా పోతుంది.

ఇక ప్రొబయోటిక్స్ అన్నీ ఒకటి కావు. కొలైటిస్ మీద బాగా పరీక్షించినవాటిలో ఒకటి వీఎస్ఎల్ 3, ఎనిమిది రకాల బ్యాక్టీరియా కలిపిన పొడి. మన దేశంలోనే 147 మంది మీద చేసిన ట్రయల్ 2009లో వచ్చింది. 12 వారాలకు ఆ పొడి తీసుకున్నవాళ్లలో వందకి 43 మందికి జబ్బు అదుపులోకి వచ్చింది, డమ్మీ పొడి తీసుకున్నవాళ్లలో 16 మందికి. కానీ డోసు చూడండి, పూటకి 3.6 లక్షల కోట్ల బ్యాక్టీరియా, రోజుకి రెండు పూటలు! షాపులో ఇచ్చే మామూలు క్యాప్సూల్‌లో వందల కోట్లు ఉంటాయి, మహా అయితే వేల కోట్లు. పైగా 2016 తర్వాత అదే పేరుతో వచ్చే పొడిలో అప్పటి ఫార్ములా లేదు, కాబట్టి పేరు చూసి కొనొద్దు.

ఇంకోటి ఈ.కోలై నిస్లే 1917. మొదటి ప్రపంచ యుద్ధంలో తోటివాళ్లంతా విరేచనాలతో పడిపోతున్నా ఏమీ కాని ఒక సైనికుడి మలం నుంచి ఆల్ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ డాక్టర్ వేరుచేశాడు. తగ్గిన కొలైటిస్ మళ్లీ రాకుండా ఉంచడంలో మెసలమైన్‌కి దగ్గరగా నిలిచింది. మన షాపుల్లో మాత్రం నేను చూడలేదు. ఇవన్నీ చూశాక కూడా 2020లో అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం కొలైటిస్‌కీ, పేగులు వాచే ఇంకో జబ్బు క్రోన్స్‌కీ ప్రొబయోటిక్స్ ట్రయల్స్‌లో తప్ప వాడొద్దనే చెప్పింది.

క్రోన్స్‌తో_నేను:
పక్కింటాయన మాటలో సగం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతారు. మాలాంటి వాళ్ల పేగుల్లో ఫీకాలిబాక్టీరియం అనే రకం తక్కువగా కనపడుతుంది. మనం తినే పీచు నుంచి బ్యూటిరేట్ తయారుచేసేవాటిలో అదొకటి, పెద్దపేగు లోపలి పొరకి ఆ బ్యూటిరేటే తిండి. కానీ అది గాలి తగిలితే బతకదు. క్యాప్సూల్స్‌లో ఎక్కువగా వచ్చేవి లాక్టోబాసిల్లస్, బైఫిడో. అంటే తగ్గిందొకటి, మనం మింగేది ఇంకొకటి. అసలు బ్యాక్టీరియా తగ్గి వాపు వచ్చిందా, వాపు వల్ల బ్యాక్టీరియా తగ్గిందా అన్నది కూడా ఇంకా తేలలేదు.

ఇంకో సంగతి, స్టెరాయిడ్లో, అజాథయోప్రిన్ లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులో వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఏ ప్రొబయోటిక్కూ మొదలుపెట్టొద్దు. బౌలార్డీ అనే ఈస్ట్ సాచెట్లు ఉంటాయి కదా, బాగా నీరసించి ఆసుపత్రిలో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) మీద ఉన్నవాళ్లలో ఆ ఈస్ట్ రక్తంలోకి చేరిన కేసులున్నాయి.

గుంటూరు_అక్క:
చాలా థ్యాంక్స్ అండీ, ఇద్దరి మాటలూ వాడికి చదివి వినిపించాను. మరి పెరుగు, చద్దన్నం కూడా మానేయాలా? వాడికి పెరుగు లేకపోతే ముద్ద దిగదు.

ఓరుగల్లు_ఫార్మసిస్ట్:
అయ్యో, మానక్కర్లేదు, పడినంతకాలం హాయిగా తిననివ్వండి. ఇంటి పెరుగులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందనేది తోడుని బట్టి మారిపోతుంది కాబట్టి దాన్ని మందు లెక్కలో వేసుకోకూడదు, అంతే. జబ్బు ఎక్కువైనప్పుడు కొందరికి పాలు పడవు, అప్పుడు చూసుకోండి.

మాత్రల మీద విసుగొస్తే డాక్టర్‌నే సూటిగా అడగమనండి, రోజుకి ఒకేసారి వేసుకునేలా మార్చొచ్చా అని. మెసలమైన్‌ని అలా వేసుకున్నా పనిచేస్తుంది, పూటపూటా మింగలేకే చాలామంది మానేస్తారు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ టెస్ట్ కూడా అడగండి, పైకి బాగున్నా లోపల వాపు మిగిలి ఉంటే అందులో తెలుస్తుంది. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్ రక్త పరీక్ష ఏడాదికోసారైనా చేయించండి, ఈ మందు వాడేవాళ్లకి అది తప్పనిసరి.