కూరగాయల మడుల అమరిక, తోడు మొక్కల ఎంపిక

ప్రశ్న:
12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న పెరటి స్థలంలో టమాటా, వంగ, బీర, క్యాబేజీ, పొద చిక్కుడు, ముల్లంగి, కొత్తిమీర వేయాలనుకుంటున్నాను. పొడవు తూర్పు పడమరలుగా ఉంది, చుట్టూ నడిచే చోటు కూడా ఉంది. ఏ మొక్క పక్కన ఏది వేయాలో చెప్పే పట్టికలు చాలా చూశాను గానీ, ఒక పట్టిక కలిపి వేయమన్న మొక్కలనే మరొకటి దూరంగా ఉంచమంటోంది. మడులు ఎలా వేసుకోవాలో, టమాటాల చుట్టూ బంతి నాటితే వేర్లను పట్టే నులిపురుగుల (నెమటోడ్ల) బెడద నిజంగా తగ్గుతుందో లేదో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1:
పట్టికలకన్నా ముందు ఎండను చూడండి. కాయగూరలకు రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగలాలి. మీది ఉత్తరార్ధగోళమైతే బీర పందిరిని ఉత్తరపు అంచున నిలువుగా కట్టండి, ఏడాదిలో ఎక్కువ కాలం దాని నీడ మిగతా మొక్కల మీద పడదు. 4 అడుగుల మడులు రెండు, వాటి మధ్య 2 అడుగుల బాట మీ వెడల్పుకు సరిగ్గా సరిపోతాయి. మడి అంతకు మించి వెడల్పైతే లోపలికి దిగకుండా మధ్యకు చేయి అందదు, తొక్కుడు పడిన నేలలో వేర్లకు గాలి ఆడదు. టమాటా, వంగ ఒకే కుటుంబానివి, వాటికి వచ్చే తెగుళ్లు కూడా చాలావరకు ఒకటే కనుక రెండింటినీ ఒకే మడిలో ఉంచి, మరుసటి పంటకు ఆ మడిని చిక్కుడుకో క్యాబేజీకో మార్చండి. టమాటాల మధ్య వదిలే 2 అడుగుల ఖాళీలో ముల్లంగి వేసుకోవచ్చు, అవి గుబురుగా పెరిగేలోపే అది చేతికి వస్తుంది.

సమాధానం 2:
బంతి పనిచేస్తుంది గానీ, అంచున నాలుగు మొక్కలు నాటితే సరిపోదు. నులిపురుగులను చంపే ఆల్ఫా టెర్థైనిల్ అనే రసాయనం దాని వేర్లలో ఉంటుంది కనుక ఆ ప్రభావం వేర్లు పాకిన మేరకే పరిమితం. బెడద ఉన్న మడిలో ఒక పంటకాలమంతా బంతినే ఒత్తుగా పెంచి, ఆ తర్వాత టమాటా నాటడం సరైన పద్ధతి. అయినా ముందు పాత మొక్కనొకదాన్ని పీకి, వేర్ల మీద నులిపురుగుల వల్ల వచ్చే ఉబ్బులు ఉన్నాయేమో చూడండి, లేకపోతే ఈ శ్రమంతా అనవసరం. టమాటా వరుసల పక్కన బంతి వేయడానికి అసలైన కారణం వేరే ఉంది: టమాటా కాయలను తొలిచే శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగు బంతి మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. అలా ఎర పంటగా పనికిరావాలంటే రెండూ ఒకేసారి పూతలో ఉండాలి కనుక బంతి నారు ముందే పోసుకోవాలి, మొగ్గల్లో చేరిన పురుగులను ఎప్పటికప్పుడు ఏరివేయాలి.

సమాధానం 3:
చిక్కుడు పక్క మొక్కలకు నత్రజని ఇస్తుందన్న మాట మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అది గాలి నుంచి తీసుకుని స్థిరీకరించే నత్రజనిలో చాలా భాగం ఆ మొక్కే వాడుకుంటుంది. కోత అయ్యాక వేర్లను, ఆకులను మడిలోనే కుళ్ళనిస్తే తర్వాతి పంటకు కొంత అందుతుంది. కొత్తిమీరలో కొన్ని మొక్కలను మాత్రం కోయకుండా పూతకు వదలండి, ఆ పూల తేనె కోసం వచ్చే సిర్ఫిడ్ ఈగల పిల్లపురుగులు పేనుబంకను తింటాయి. క్యాబేజీకి రెండు వైపులా ఆవాల వరుస వేస్తే డైమండ్ రెక్కల పురుగు ముందుగా దాని మీద వాలుతుంది, అయితే పురుగు పట్టిన ఆవ మొక్కలను వెంటనే తీసేయకపోతే అక్కడే పెరిగి క్యాబేజీకి పాకుతుంది.