బిట్టర్స్‌కి జెన్షియన్ వేరు తప్పనిసరా? నేలవేము చాలదా?

సాగర్‌నగర్ శ్రీను
మొన్న ఇక్కడే ఒక సభ్యుడు "జెన్షియన్ లేకుండా ఇంట్లో చేసింది బిట్టర్స్ కాదు, కషాయం" అని రాశారు. బిట్టర్స్ అంటే చేదు మూలికలు మద్యంలో నానబెట్టి తీసి, కాక్‌టెయిల్‌లో చుక్కల లెక్కన వేసే సారం. నేను ఒప్పుకోను. పేరున్న బిట్టర్స్ అంగోస్టురా పుట్టింది 1824లో, వెనిజులాలో. దక్షిణ అమెరికా స్వాతంత్ర్య నాయకుడు బొలీవర్ సైన్యంలో పనిచేసిన సీగర్ట్ అనే జర్మన్ వైద్యుడు దాన్ని కడుపు మందుగానే కట్టాడు. ఆయనకి చేతి అలవాటున్న చేదు యూరప్ కొండల్లో పెరిగే జెన్షియన్. విశాఖలో ఉన్న మనకి ఆ అలవాటు నేలవేముతో ఉంది. పూర్ణా మార్కెట్ వైపు మూలికల కొట్టులో దొరికేదాన్ని వదిలేసి, ఎండిన వేరు కోసం విదేశాల నుంచి పార్సిల్ ఎందుకు తెప్పించుకోవాలి?

పాతపోస్టాఫీసు
శ్రీనుగారూ, కషాయం అన్నది నేనే, ఇప్పటికీ అదే అంటాను. జెన్షియన్ చేదు నాలిక మీద గట్టిగా తగిలి, వెనకాల కాస్త మట్టివాసన మిగిల్చి పోతుంది. నేలవేము అలా పోదు, గొంతులోనే కూర్చుంటుంది. ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్‌లో రెండు చుక్కలు పడితే నారింజ తొక్క పరిమళం ఏమైపోతుందో చూశారా? జ్వరం వచ్చినప్పుడు అమ్మమ్మ పట్టించిన గ్లాసు గుర్తొస్తుంది. మీది ఊరి మీద అభిమానం. రుచి సంగతి వేరు.

సాగర్‌నగర్ శ్రీను
రుచి గురించే మాట్లాడుతున్నానండీ. మీరు చెప్పిన తంటా ఆకుది కాదు, నానబెట్టే పద్ధతిది. చాలామంది అన్నీ ఒకే సీసాలో పోసి వారాల తరబడి వదిలేస్తారు. నేలవేములోని చేదు, అదే ఆండ్రోగ్రాఫోలైడ్, నీళ్లలో సరిగ్గా కరగదు, ఆల్కహాల్‌లో బాగా దిగుతుంది. కాబట్టి దాన్ని విడిగా చిన్న సీసాలో వోడ్కాలో వేసి, పూటకోసారి చుక్క సోడాలో కలిపి చూడాలి. ఆకు పచ్చివాసన మొదలవకముందే వడకట్టేయాలి. నారింజ తొక్క వేరే సీసా, మిరియాలు, యాలకులు వేరే సీసా, సుగంధి వేరు ఇంకో సీసా. ఆఖర్న చుక్కల లెక్కన కలుపుకోవాలి. అరకు కాఫీ గింజలు కచ్చాపచ్చాగా దంచి వేస్తే నేలవేము మొరటుతనం బాగా అణుగుతుంది.

తొక్క గురించి ఒక మాట. మన గాలిలో తేమకి నీడన ఎండబెడితే తొక్క మెత్తబడి బూజు పడుతుంది. లోపలి తెల్లటి పొర గీకేసి, ఓవెన్‌లో సన్నటి వేడి మీద ఆరబెట్టండి.

గాజువాక కెమిస్ట్
ఇద్దరూ ఆల్కహాల్ బలం సంగతి వదిలేశారు. మన దేశంలో తయారయ్యే వోడ్కా, రమ్ము మామూలుగా 42.8 శాతం. అమెరికన్ పద్ధతుల్లో 50కి పైన, ఒక్కోసారి 75 శాతం స్పిరిట్‌తో మొదలుపెట్టి, వడకట్టిన పిప్పిని నీళ్లలో మరిగించి ఆ నీళ్లు కలుపుతారు. మన సరుకుతో అదే చేస్తే బలం పడిపోతుంది, తొక్కలోని నూనె విడిపోయి తెల్లగా మసకబారుతుంది. సీసాలో అమ్మే అంగోస్టురాయే 44.7 శాతం. అందుకే మనం నీళ్ల మెట్టు ఎత్తేసి, మాడ్చిన చక్కెర పాకం కొంచెంగా కలిపి ఆపేయాలి.

బలం కోసమని ఎవరూ సర్జికల్ స్పిరిట్ జోలికి వెళ్లొద్దు. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి ఎంతమంది పోయారో మర్చిపోకండి. ఇంట్లో సారా బట్టీ పెట్టడం నేరం, అది వేరే చెప్పక్కర్లేదు.

మాధవధార లక్ష్మి
అన్నయ్యలూ, మూలిక అంటే నిరపాయం అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. గర్భిణులకి నేలవేము పనికిరాదు. రక్తం పలచబడే మందులు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు. బిట్టర్స్ చుక్కలే కదా అంటారు, కానీ ఇంట్లో కట్టినదాని గాఢత ఎవరికి తెలుసు? ఇంకా, వస కొమ్ము వేసే పద్ధతులు తిరుగుతున్నాయి. అందులో బీటా అసరోన్ అనే హానికరమైన పదార్థం ఉంటుంది, అమెరికాలో 1968 నుంచే ఆహారంలో వాడకం నిషేధం. అది మానేయండి. అతిథికి ఇచ్చేటప్పుడు లోపల ఏముందో ముందే చెప్పండి, సీసా మీద రాసి అంటించండి.

జెన్షియన్ వైపు వాళ్లకీ ఒకటి. యూరప్‌లో దాన్ని పోలిన వెరాట్రం అనే విషపు మొక్కని పొరపాటున తవ్వి ఇంట్లో సారం తీసుకుని ఆసుపత్రి పాలైన వాళ్లున్నారు. ఏ వేరైనా నమ్మకమైన చోటే కొనాలి. మన కొట్లలోనూ చిరాయితా అనే ఇంకో చేదు మూలిక అడిగితే నేలవేము కట్టిస్తారు, చూసుకోండి.

పాతపోస్టాఫీసు
లక్ష్మిగారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, సీసాకి చీటీ తప్పనిసరి. శ్రీనుగారూ, విడివిడి సీసాల పద్ధతి సబబుగానే ఉంది, కాఫీ కలపడం నాకు తట్టలేదు. రమ్ముతో మీ నేలవేము నిలబడుతుందేమో. విస్కీలో మాత్రం నా ఓటు జెన్షియన్‌కే, అది మారదు.

సాగర్‌నగర్ శ్రీను
రమ్ము దాకా వచ్చారు, సంతోషం. విస్కీ కోసం నేలవేము తగ్గించి, సుగంధి పెంచి ఒక సీసా కడతాను. మీ జెన్షియన్ సీసా పట్టుకురండి. పేర్లు కప్పేసి, రెండూ సోడాలో పోసి లక్ష్మిగారి చేతికి ఇద్దాం.

మాధవధార లక్ష్మి
చీటీలు చదివాకే తాగుతాను. పేర్లు తర్వాత కప్పండి.