అరకులో ఉండాలా, పాడేరులోనా, లేక వైజాగ్‌లోనే ఉండి తిరగాలా?

కరీంనగర్ కోడలు:
డిసెంబరు చివరి వారంలో అరకు, లంబసింగి చూద్దామనుకుంటున్నాం. మూడు రాత్రులు. మేమిద్దరం, పదేళ్లు ఏడేళ్ల పిల్లలు, మా అత్తమ్మ. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. మా ఆయనేమో వైజాగ్‌లో ఒకే హోటల్ తీసుకుని రోజూ కారులో వెళ్లొద్దాం, సామాను మోసే పని ఉండదు అంటున్నారు. మ్యాప్‌లో చూస్తే అరకు 115 కిలోమీటర్లే కదా! మీరైతే ఏం చేస్తారు?

ఉక్కునగరం:
మేం పోయినసారి వైజాగ్ నుంచే ఒక్కరోజులో అరకు చూసొచ్చేశాం. సాయంత్రం బీచ్, మంచి హోటళ్లు, అవసరమైతే డాక్టరు. పెద్దావిడ ఉన్నారు కాబట్టి నా ఓటు వైజాగ్‌కే.

మన్యం మాస్టారు:
పై మిత్రులు చెప్పింది ఒక్కరోజుకి సరే. కానీ వీళ్లు లంబసింగి కూడా అంటున్నారమ్మా! నేను పాడేరు దగ్గర పదకొండేళ్లుగా పాఠాలు చెప్పుకుంటున్నాను. ఏటా డిసెంబరులో చుట్టాలు ఇదే ప్రశ్నతో ఫోన్ చేస్తారు కాబట్టి జవాబు నోటికొచ్చేసింది.

ఘాట్ రోడ్డులో కిలోమీటర్లు లెక్కపెట్టకండి, గంటలు లెక్కపెట్టండి. 115 కిలోమీటర్లంటే మీకు కరీంనగర్ నుంచి సిద్దిపేట దాటి వెళ్లినట్టు అనిపిస్తుంది. ఇక్కడ మూడు నుంచి నాలుగు గంటలు. మూడు రోజులూ ఎక్కి దిగితే పిల్లలకు వాంతులు, మీ అత్తగారికి మోకాళ్లతో పాటు నడుము కూడా.

ఇంకోటి. అరకు పగలు చూసే ఊరు. గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, చాపరాయి, కాఫీ, బొంగులో చికెన్... పదింటికి లేచినా ఏమీ పోదు. మంచుకు పేరున్న లంబసింగి, పాడేరు దగ్గర మేఘాలు చూసే వంజంగి కొండ అలా కాదు. ఎండెక్కితే మంచూ లేదు, మేఘాలూ లేవు, పార్కింగూ లేదు. అరకులో పడుకుని లంబసింగిలో సూర్యోదయం చూడాలంటే రాత్రి మూడింటికే బయల్దేరాలి. పాడేరు నుంచైతే నాలుగింటికి లేచినా చాలు. అందుకే తెల్లారేసరికి ఎక్కడ ఉండాలో చూసుకుని, దానికి దగ్గరి ఊళ్లో పడుకోండి.

నేనైతే ఇలా చేస్తాను. వైజాగ్ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలెక్కండి. అద్దాల బోగీ దొరికితే మంచిదే, దొరక్కపోతే మామూలు బోగీ కిటికీ కూడా చాలు. పిల్లలు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. మీ అత్తగారికి ఘాట్ మలుపుల బాధ తప్పుతుంది. ఆ రాత్రి అరకు. మర్నాడు మధ్యాహ్నం పాడేరు, అక్కడ రెండు రాత్రులు. ఒక తెల్లవారుజామున మీ ఆయన, పిల్లలు వంజంగి కొండ ఎక్కి వస్తారు. అది నడక, అత్తగారికి వద్దే వద్దు. ఆవిణ్ని తర్వాత పాడేరులోనే ఉన్న మోదకొండమ్మ గుడికి తీసుకెళ్లండి. చివరి రోజు సామానుతో సహా లంబసింగి.

అక్కణ్నుంచి మళ్లీ వైజాగ్ ఎందుకు? చాలామంది చేసే పొరపాటు ఇదే. నర్సీపట్నం మీదుగా తుని దిగిపోండి. హైదరాబాద్ వైపు రైళ్లు చాలానే ఆగుతాయి. టైమ్ మిగిలితే అన్నవరం పక్కనే.

పాడేరు జిల్లా కేంద్రమై 2022 నుంచీ ఇన్నేళ్లయినా, అరకులో ఉన్నన్ని గదులు లేవు. శని, ఆదివారాలైతే ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. ఆదివారం లంబసింగి జోలికి పోవద్దు, మంచు కంటే కార్లే ఎక్కువ.

గదులతో దెబ్బతిన్నవాడు:
మాస్టారి మాటకి ఓ చేర్పు. 'అరకు రిసార్ట్' అని పేరుంది కదా అని డబ్బు కట్టేయకండి. మేం కట్టింది ఊరికి ఎక్కడో దూరంగా, ఘాట్ మధ్యలో ఉంది. రాత్రి భోజనానికి మళ్లీ కారు తీయాల్సి వచ్చింది. రైల్వే స్టేషన్ నుంచి ఎంత దూరమో అడిగి తెలుసుకోండి. లంబసింగి టెంట్లు పిల్లలకు సరదానే గానీ, తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్లాలంటే పెద్దవాళ్లకు నరకం.

కరీంనగర్ కోడలు:
మాస్టారూ, చాలా థ్యాంక్సండీ. బొర్రా గుహలు వదిలేయాలా?

మన్యం మాస్టారు:
లోపల మెట్లెక్కువ, తడిగా జారుతుంటాయి. మీ అత్తగారు బయట కూర్చుంటానంటే మీరు చూసి రండి. కానీ రైలు దిగి అరకు దాకా వెళ్లాక, ముప్ఫై అయిదు కిలోమీటర్లు వెనక్కి రావడం నాకు దండగే. మా పాపకి అవంటే పిచ్చి, అది వేరే సంగతి. అన్నట్టు, లంబసింగిని ఇక్కడివాళ్లు కొర్రబయలు అంటారు. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారట. మంకీ క్యాపులు మర్చిపోవద్దు.

కరీంనగర్ కోడలు:
అన్నవరం మాట చెప్పగానే మా అత్తమ్మ మిగతా ఊళ్ల గురించి అడగడం మానేసింది, వ్రతానికి ఏ చీర కట్టుకోవాలో చూసుకుంటోంది. మా ఆయన ఇంకా మ్యాప్ చూస్తూనే ఉన్నారు. అరకు నుంచి పాడేరుకి బస్సులుంటాయా?

మన్యం మాస్టారు:
ఆర్టీసీ బస్సులున్నాయి. కానీ అయిదుగురు, పైగా సామాను. కారే మాట్లాడుకోండి.