నీరెండా, నీడపట్టా?

చెన్నైలో ఒక ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ దగ్గర లైట్ల పని చేస్తాను. మొన్న బీసెంట్ నగర్ బీచ్‌లో కంచిపట్టు చీరల షూట్. సముద్రం మీద పొద్దు పొడిచిన కాసేపటికే మా తమిళ కుర్రాడు "ఇళవెయిల్ పోతుంది, త్వరగా" అని తొందరపెట్టాడు. నా నోట "నీరెండ" అని వచ్చింది. మా అమ్మమ్మ చంటిపిల్లలకు ఆ ఎండే తగలనిచ్చేది. అప్పటి నుంచి ఒకటే ఆలోచన: మేం సాఫ్ట్ లైట్ అనే మెత్తటి వెలుగంతా నీరెండేనా?

కాదనిపిస్తోంది. నీరెండ ఎంత మెత్తనిదైనా ఎండే. ఒక పక్క నుంచి వస్తుంది, పల్చటి నీడ వేస్తుంది, జరీని మెరిపిస్తుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ ఫొటోలు చూడండి. 1943 నుంచి 60 ఏళ్లకు పైగా వోగ్ అనే ఫ్యాషన్ పత్రికకు పనిచేసినవాడు. 1950లో పారిస్‌లో ఒక మేడ మీది స్టూడియోలో, ఉత్తరం నుంచి వచ్చే వెలుతురులో ఫ్యాషన్ ఫొటోలు తీశాడు. వెనకాల ఒక పాత నాటకాల తెర, అంతే. మడత, కుట్టు, నడుము వంపు అన్నీ గీసినట్టు ఉంటాయి, ఎక్కడా ఎండ మాత్రం పడదు. ఆ వెలుగుకు మనకు మాటుందా?

జవాబు: ఉందండీ, నీడపట్టు! "ఎండలో ఎందుకు, నీడపట్టున కూర్చో" అంటాం కదా. చీకటి ఉన్నచోటును అలా అనం. పంచలోనో చెట్టు కిందో ఎండ తగలకుండా వెలుతురు నిండుగా ఉండాలి.

ఇంకో జవాబు: ఇళవెయిల్‌కు అచ్చంగా సరిపోయేది లేతెండ. తమిళ ఇళ, మన ఎల, లే, లేత ఒకే మూలానివి. ఎలమావిలో (లేత మామిడి) ఉన్నది ఆ ఎలే. నీరెండ సాయంత్రానికీ చెల్లుతుంది, లేతెండ అంటే నాకు పొద్దుటిదే గుర్తొస్తుంది.

నీడపట్టు! ఇన్నాళ్లూ ఆ వెలుగును ఓపెన్ షేడ్ అంటూ తిరిగాను, ఇంట్లో మాట ఇంట్లోనే ఉంది. చాలా సంతోషం. పెన్ ఆ తర్వాత నేపాల్, కామెరూన్, మొరాకో వెళ్లినప్పుడు ఒక గుడారం స్టూడియో మోసుకెళ్లాడు. ఎక్కడికెళ్లినా అలాంటి వెలుగే కావాలని. అంటే నీడపట్టును వెంటబెట్టుకు తిరిగాడన్నమాట.