ఒకేసారి రెండు కుక్కపిల్లలు: తెచ్చుకోవచ్చా, వద్దా?

మూడో అంతస్తు:
మా అపార్ట్‌మెంట్ పక్కన ఖాళీ ప్లాటులో వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. వాటిలో రెండు పిల్లలు బండ్ల కింద పడి చనిపోయాయి. మిగిలిన రెండూ ఆడపిల్లలే, రెండు నెలలు ఉంటాయి. ఒకదాన్ని తెచ్చుకుందామని నేను, విడదీస్తే పాపం, రెండూ తెద్దామని మా ఆవిడ. ఇద్దరం ఉద్యోగస్తులం. తనకు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. నెట్‌లో వెతికితే ‘లిట్టర్‌మేట్ సిండ్రోమ్’ అంటూ భయపెడుతున్నారు. ఒకే ఈత పిల్లల్ని కలిపి పెంచితే ఒకదాన్నొకటి వదిలి ఉండలేవట, మన మాట వినవట, పెద్దయ్యాక కొట్టుకుంటాయట. నిజమేనా? పెంచినవాళ్లు చెప్పండి. పెంచనివాళ్లు ఎలాగూ చెబుతారు.

గోదారి గట్టు:
మా ఇంట్లో ఏనాడూ రెండు కుక్కలకు తక్కువ లేవండి. చిత్తకార్తెలో కలుస్తాయి, రెండు నెలలకు ఈనుతాయి, సంక్రాంతికి పిల్లలు కళ్లంలో గడ్డివాము కింద దొర్లుతుంటాయి. పెరుగన్నం పెడితే తింటాయి, రాత్రి కాపలా కాస్తాయి. ఏ సిండ్రోమూ రాలేదు. రెండూ తెచ్చుకోండి, ఒకదానికొకటి తోడుంటాయి.

సీతమ్మధార:
ఆ ‘తోడు’ అనే మాటకే నేనూ పడిపోయాను. ఇలాంటి అక్కాచెల్లెళ్లనే తెచ్చాం, రెండు గదుల ఫ్లాటులోకి. మొదటి ఐదు నెలలు స్వర్గం. వాటి ఆట అవి ఆడుకునేవి, మా పని మేం చేసుకునేవాళ్లం. తప్పు అక్కడే జరిగింది. పిలిస్తే ముందు ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి, ఆ తర్వాత మా వైపు. టీకాకు ఒకదాన్ని తీసుకెళ్తే రెండోది తిరిగొచ్చేదాకా అరిచేది. కింది ఇంటివాళ్లు రెండుసార్లు పైకొచ్చారు.

ఏడాదిన్నర వయసులో మొదటి గొడవ. తిండి కోసమైనా కాదు. కాలింగ్ బెల్ మోగింది, రెండూ ఒకేసారి గుమ్మం దగ్గరికి ఉరికాయి, అంతే. చిన్నదాని చెవికి కుట్లు పడ్డాయి, విడదీయబోయిన మా వారి చేతికి కూడా. ఆ తర్వాత నాలుగు నెలలు ఒకటి పడగ్గదిలో, ఒకటి హాల్లో. ఇల్లంతా తలుపులు వేసుకుని బతికాం. చివరికి చిన్నదాన్ని మా మరిది వాళ్లింటికి పంపేశాం. అక్కడ పెరడుంది, హాయిగా ఉంది. ఆ పని మొదటిరోజే చేసి ఉంటే చెవి మిగిలేది.

గోదారి గట్టు:
అదేనమ్మా నేననేది. తప్పు కుక్కలది కాదు, ఫ్లాటుది. మా వాటికి పొద్దున పడకపోతే ఒకటి చెరువు గట్టుకు పోతుంది, ఒకటి కొట్టం కిందికి.

సూదిమందు:
పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను. లిట్టర్‌మేట్ సిండ్రోమ్ అనేది మేం రాసే జబ్బు పేరు కాదు, ట్రైనర్లు వాడే మాట. ఒకే తల్లి పిల్లలు కావడమే కారణమని గట్టిగా తేల్చిన పరిశోధన లేదు. వేర్వేరు తల్లుల పిల్లలైనా, ఒకే వయసువి రెండూ ఎప్పుడూ కలిసే పెరిగితే ఇదే తంటా రావచ్చు. అయితే సీతమ్మధార గారు చెప్పింది కొట్టిపారేయలేం. ఒకే ఇంట్లో రెండు ఆడకుక్కలకు పడకపోతే మళ్లీ కలపడం చాలా కష్టం.

ఇక మనుషులకు, చప్పుళ్లకు, లిఫ్టుకు పిల్ల అలవాటు పడేది 3వ వారం నుంచి సుమారు 14వ వారం దాకా. మీవాటికి సగం పైగా అయిపోయింది. ఇంకో టెన్షన్ పార్వో, అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల వైరస్ జబ్బు. ఒకదానికి వస్తే రెండోదానికీ వచ్చిందనే అనుకోవాలి. మొదటి సూది 6-8 వారాలప్పుడు, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి, 16 వారాలు నిండేదాకా. నులిపురుగుల మందు వేరే. మూడు నెలలకు రేబిస్ టీకా. పిల్లలు రెండు కాబట్టి ఈ పనులన్నీ రెండింతలని లెక్క వేసుకోండి.

కొత్త సభ్యుడు:
ఒక మగ, ఒక ఆడ అయితే గొడవ ఉండదంటారుగా?

సూదిమందు:
గొడవ తక్కువే. కానీ ఆరు నెలలు దాటాక ఆడది ఎప్పుడైనా ఎదకు రావచ్చు. తోబుట్టువులన్న వరస వాటికి లేదు. ఆపరేషన్ చేయించకపోతే రెండు కాస్తా ఎనిమిదవుతాయి.

ఫ్రిస్కో నుంచి:
టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడ కొన్ని కుక్కల సంరక్షణ సంస్థలు ఒకే ఈత పిల్లలు రెండింటిని ఒకే ఇంటికి ఇవ్వవు. మేం ఇచ్చేవాళ్లను వెతికి మరీ తెచ్చాం (మొండితనం). ఇప్పుడు నాలుగేళ్లు, బాగానే ఉన్నాయి. కానీ ఎలా పెంచామో వినండి. వేర్వేరు క్రేట్లలో (కుక్క పడుకునే బోను) పడక. తిండి వేర్వేరు గదుల్లో. పొద్దున ఒకదాన్ని నేను, సాయంత్రం రెండోదాన్ని మా ఆయన బయటికి తీసుకెళ్లడం, మర్నాడు తారుమారు. ‘కూర్చో’ అని నేర్పాలన్నా విడివిడిగానే. మొదటి ఆరు నెలలు రోజుకు మూడు గంటలు దీనికే పోయేవి. పిల్లాడి పరీక్షలకు కూడా అంతసేపు కూర్చోలేదు.

గోదారి గట్టు:
కుక్కలకు షిఫ్టు డ్యూటీలా! కలికాలం.

సీతమ్మధార:
బాబాయ్ గారూ, మీ ఇంట్లో షిఫ్టులు లేవు, నిజమే. ఇప్పటిదాకా పుట్టిన పిల్లలన్నీ ఏమయ్యాయో కూడా చెప్పండి. మా తాతగారి ఊళ్లోనూ ‘ఏ గొడవా లేదు’ అనేవారు. వేసవికి ఆరింటిలో ఒకటో రెండో మిగిలేవి.

గోదారి గట్టు:
అది మాత్రం కాదనలేను.

పాత డాబా:
అందరూ పిల్లల గురించే. తల్లి సంగతేంటి? 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం దానికి ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి, పట్టుకున్న చోటే వదలాల్సిన బాధ్యత మున్సిపాలిటీది. ఫిర్యాదు పెట్టండి. లేకపోతే వచ్చే చిత్తకార్తె తర్వాత ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు.

మూడో అంతస్తు:
అందరికీ థాంక్స్. తల్లి గురించి ఫిర్యాదు పెట్టాను. మా ఆవిడ మొత్తం చదివింది. ఫ్రిస్కో వారి పోస్టు మాత్రం రెండుసార్లు చదివింది. మూడు గంటలు మన దగ్గర ఎక్కడున్నాయంటే, నా ఫోన్ చూపించింది. రేపు పొద్దున రెండింటినీ టీకాకు తీసుకెళ్తున్నాం. కింది ఫ్లోర్ ఆంటీ ఒకదాన్ని తీసుకుంటానంటున్నారు, ఇంకా ఏదీ తేలలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మాత్రం వంటింట్లో కొత్త గిన్నెలు రెండు ఉన్నాయి.

సీతమ్మధార:
వాటిలో ఒకదాన్ని ఇప్పుడే పడగ్గదిలోకి మార్చండి.