కీప్యాడ్ ఫోన్‌తో ఊరికి డబ్బులు పంపడం ఎలా?

నమస్కారం అండీ. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పెద్దాయనది కదిరి వైపు. రబ్బరు బ్యాండ్ చుట్టిన కీప్యాడ్ ఫోన్ ఆయనది. నెలనెలా ఇంటికి డబ్బు పంపాలంటే నా ఫోన్‌పేనే దిక్కు.

కెన్యాలో 2007లోనే ఎం-పెసా అనే మొబైల్ డబ్బు సేవ వచ్చి, ఇలాంటి ఫోన్లతోనే జనం డబ్బు పంపుకుంటున్నారు. మనకీ ఫోన్‌లో కొడితే బ్యాంకు మెనూ వచ్చే *99# ఉంది, 2022లో కీప్యాడ్ ఫోన్ల కోసం యూపీఐ 123పే వచ్చింది. నెట్ అక్కర్లేదు. సరే అని *99# కొట్టించాను. పెద్దాయన కళ్లజోడు వెతుక్కుని మెనూ చదివేలోపే సెషన్ పోయింది! మూడుసార్లూ అదే తంతు.

కాల్ చేసి, మాట వింటూ పంపే 123పే పద్ధతి ఎవరైనా వాడారా? తెలుగులో వినిపిస్తుందా? యూపీఐ పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు చేతిలో ఉండాల్సిందేనా, ఆధార్‌తో కుదురుతుందా? కార్డేమో ఊళ్లో, వాళ్లావిడ బీరువాలో ఉంది.