డి.ఓ. డాక్టరును తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. అమెరికాలో మా ఊరి క్లినిక్ వాళ్లు తెలుగు పెద్దవాళ్ల కోసం ఒక కరపత్రం వేస్తున్నారు, తెలుగు చేసే పని నాకు అప్పగించారు. పిల్లల దగ్గరకు వచ్చి ఆరు నెలలు ఉండి వెళ్లే అమ్మానాన్నలే ఎక్కువగా చదువుతారు. "మా దగ్గర ఆస్టియోపతిక్ ఫిజీషియన్లు, అల్లోపతిక్ ఫిజీషియన్లు ఇద్దరూ ఉన్నారు" అని అందులో ఒక వాక్యం ఉంది. మొదటివారికి డి.ఓ. అనే పట్టా, రెండోవారికి ఎం.డి. అనే పట్టా ఉంటాయి. నేను "ఎముకల వైద్యులు, అల్లోపతి వైద్యులు" అని రాశాను. అది చదివి మా అత్తగారు "నాకున్నది బీపీ కదమ్మా, ఎముకల డాక్టరు దగ్గరకు ఎందుకు?" అన్నారు. ఏమని రాస్తే బాగుంటుందో చెప్పండి.

ఒక సభ్యుడి సమాధానం:

"అస్థి చికిత్సకులు" అనండి. గ్రీకులో ఆస్టియోన్ అంటే ఎముక, అది మన 'అస్థి'కి చుట్టమే. చివరి 'పతి' కూడా మన 'పథ్యం'లో ఉన్నదే. రెండూ మన మాటలే అయినప్పుడు ఇంగ్లీషు మాట ఎందుకు?

మరొక సభ్యురాలి సమాధానం:

అస్థికీ ఆస్టియోన్‌కీ చుట్టరికం నిజమేనండీ. పథ్యంతో మాత్రం లేదు. పథ్యం 'దారి' అనే అర్థమున్న పథం నుంచి వచ్చింది. హోమియోపతి, అల్లోపతిల చివర ఉన్నది గ్రీకు 'పాథోస్', అంటే బాధ, వ్యాధి. సరే, ధాతువు కలిసినా అర్థం కలవాలి కదా. మన దగ్గర ఎముకల డాక్టరంటే ఆర్థోపెడిక్ సర్జన్, కాకపోతే పుత్తూరు కట్టు కట్టేవారు. అమెరికాలో డి.ఓ. ఈ రెండూ కాదు. బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు, పురుళ్లు పోస్తారు, గుండె ఆపరేషన్లు కూడా చేస్తారు. మీ అత్తగారు అడిగింది సరైన ప్రశ్న, తప్పంతా అనువాదానిదే.

ఈ పేరు ఎలా పుట్టిందో చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఆండ్రూ టేలర్ స్టిల్ 1828లో వర్జీనియాలో పుట్టిన వైద్యుడు. 1864లో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చి ఆయన ముగ్గురు పిల్లలు పోయారు. అప్పటి వైద్యమంటే రక్తం తీయడం, పాదరసం కలిసిన మందులు, నల్లమందు, సారాయి. తనకు తెలిసిన వైద్యమేదీ పిల్లల్ని కాపాడలేదన్న బాధతో ఆయన శరీర నిర్మాణం మీద పడ్డారు. ఎముకల దగ్గర మొదలుపెట్టి జబ్బుకు కారణం వెతకాలన్నది ఆయన ఆలోచన, పేరులోకి ఎముక వచ్చింది అందుకే. 1874లో తన పద్ధతిని ప్రకటించి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో బడి పెట్టారు. ఆడవాళ్లను మొదటి తరగతిలోనే చేర్చుకున్నారు. ఎం.డి. పట్టా ఇచ్చుకునే హక్కు ఆ బడికి చట్టప్రకారం ఉండేది. అయినా తమది వేరే మార్గమని లోకానికి తెలియాలని స్టిల్ పట్టుబట్టి డి.ఓ. అనే పేరు ఎంచుకున్నారు. ఆయన మందులకు ఎదురు నిలిచారు. తర్వాతి తరాల్లో మందులు, శస్త్రచికిత్స అన్నీ ఆ చదువులోకి వచ్చేశాయి. వేరు చూపించడానికి పెట్టుకున్న రెండక్షరాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఆ అక్షరాల కోసం ఎంత పోరాటం జరిగిందో కాలిఫోర్నియా కథ చెబుతుంది. 1962లో అక్కడి ఎం.డి.ల సంఘం, డి.ఓ.ల సంఘం కలిసిపోయాయి. 65 డాలర్లు కట్టి ఒక చిన్న కోర్సుకు హాజరైతే చాలు, డి.ఓ.కు ఎం.డి. పట్టా ఇచ్చారు. రెండు వేల మందికి పైగా తీసుకున్నారు. నిన్నటిదాకా తక్కువగా చూసిన మనిషే, అదే చేయి, అదే స్టెతస్కోపు, బోర్డు మీద అక్షరాలు మారగానే సాటి డాక్టరైపోయాడు. కొత్తగా వచ్చే డి.ఓ.లకు ఆ రాష్ట్రంలో లైసెన్సు ఆపేశారు. 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెబితే గాని మళ్లీ ఇవ్వలేదు. డి.ఓ.లను అమెరికా సైన్యంలో డాక్టర్లుగా తీసుకోవడానికి రక్షణ మంత్రి మెక్‌నమారా ఒప్పుకున్నది కూడా 1966లోనే. ఇప్పుడు అమెరికాలో వైద్యం చదివేవాళ్లలో నలుగురికి ఒకరైనా డి.ఓ. కాలేజీల్లో ఉన్నారు. 2020లో ట్రంప్‌కు కోవిడ్ వచ్చినప్పుడు వైట్‌హౌస్ వైద్యుడు షాన్ కాన్లీ డి.ఓ. తర్వాత బైడెన్‌ను చూసిన కెవిన్ ఓ'కానర్ కూడా డి.ఓ.నే.

ఇక రెండో మాట, అల్లోపతి. మనం దీన్ని ఎంత మామూలుగా వాడతామంటే, అది ఆ వైద్యం సొంత పేరే అనుకుంటాం. కాదు. హోమియోపతి పెట్టిన జర్మన్ వైద్యుడు హానెమన్ తన ఎదుటి పక్షం వాళ్లకు తగిలించిన పేరది. హోమియో అంటే సమానం, అల్లో అంటే వేరు. జబ్బు లక్షణాలతో పొంతన లేని మందులు ఇస్తారని ఆక్షేపణగా అన్న మాట. ఆ మాట వెనకున్న తగవు మనకు తెలియదు కాబట్టి తెలుగులో అందులో తిట్టేమీ వినపడదు. ఆయుర్వేదమా, హోమియోనా, అల్లోపతినా అని మందుల షాపు ముందు నిలబడి మామూలుగా అడుగుతాం. మా అమ్మమ్మ తరం వాళ్లు "ఇంగ్లీషు వైద్యం" అనేవారు. 1956 నాటి మన మెడికల్ కౌన్సిల్ చట్టంలో ఉన్నది "ఆధునిక శాస్త్రీయ వైద్యం" అనే అర్థమొచ్చే మాట. అల్లోపతి అన్న మాటను తీసేయమని నేను అనను, జనం నోట్లో పాతుకుపోయింది. కానీ మీ కరపత్రంలో 'అల్లోపతి వైద్యులు' అని ఒక పక్క పెడితే, ఇంకో పక్కనున్నది అల్లోపతి కానిదన్నమాట, అంటే హోమియోలాంటిది ఏదో అన్నమాట. మన చెవికి అలాగే వినపడుతుంది. డి.ఓ. రాసే మందుల చీటీలో ఉండేది ఎం.డి. రాసే మందులే.

అక్షరాల గురించి కూడా ఒక మాట చెప్పాలి, మనవాళ్లు తడబడేది ఇక్కడే. మన ఊళ్లలో కంటి ఆసుపత్రి బోర్డు మీద "ఎం.బి.బి.ఎస్., డి.ఓ." అని ఉంటే ఆ డి.ఓ. కళ్ల వైద్యంలో డిప్లొమా. గుంటూరు నుంచి వచ్చిన మామగారు అమెరికాలో ఆ అక్షరాలు చూసి కళ్ల డాక్టరనుకుంటే ఆయన తప్పేం లేదు. ఎం.డి. సంగతీ అంతే. మన దగ్గర ఎం.బి.బి.ఎస్. అయ్యాక మూడేళ్లు చదివితే వచ్చేది ఎం.డి. అమెరికాలో అది డాక్టరు కావడానికి మొదటి పట్టా. మన కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చేసి, అక్కడ పరీక్షలు రాసి, రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ ఒక విభాగంలో పొందే శిక్షణ) చేసినవాళ్లు చాలామంది పేరు పక్కన ఎం.డి. అనే రాసుకుంటారు. కాబట్టి అక్కడి డి.ఓ.ను ఇక్కడి దేంతో పోల్చాలంటే, ఎం.బి.బి.ఎస్.తో పోల్చాలి. ఆ పైన ఏ విభాగంలో రెసిడెన్సీ చేశారన్నదే అసలు సంగతి. 2020 నుంచి ఎం.డి.లకూ డి.ఓ.లకూ రెసిడెన్సీ గుర్తింపు ఇచ్చేది కూడా ఒకే సంస్థ.

ఇంకో జాగ్రత్త. 'ఆస్టియోపాత్' అని పొట్టిగా రాయకండి. బ్రిటన్‌లో ఆ పేరుకు 1993లో చేసిన చట్టం ప్రకారం వేరే అర్థముంది. అక్కడ ఆస్టియోపాత్‌లు చేతులతో చికిత్స చేస్తారు, వాళ్లది గౌరవమైన వృత్తి, కానీ ఎం.బి.బి.ఎస్. లాంటి డాక్టర్లు కారు, మందులు రాయరు. అమెరికాలో డి.ఓ.లు తమను ఆస్టియోపతిక్ ఫిజీషియన్ అని పిలవమని కోరేది ఇందుకే. లండన్‌లో కూతురు, డాలస్‌లో కొడుకు ఉన్న తల్లిదండ్రులు మనలో ఎంతమంది లేరు! ఒకే మాట రెండు చోట్ల రెండు రకాల మనుషుల్ని చూపిస్తుంది వాళ్లకు.

నా సలహా ఇది: ఇద్దరినీ 'డాక్టర్లు' అనే రాయండి. చదువు దగ్గర ఎం.డి., డి.ఓ. అని అక్షరాలు ఉంచి, ఒక్క వాక్యంలో వివరించండి.

ఇంకొక సభ్యురాలు:

ఇది రాసినందుకు దండాలమ్మా. మా అమ్మాయి అక్కడ డి.ఓ. చదువుతోంది. ఊరెళ్లినప్పుడల్లా "అయ్యో, ఎం.డి. సీటు రాలేదా?" అంటారు. రాత్రింబవళ్లు చదివే పిల్లకు ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో! ఈసారి అడిగితే మీ జవాబే చదివి వినిపిస్తాను.

ప్రశ్న అడిగినవారు:

చాలా స్పష్టంగా ఉంది. మరి అసలు తేడా ఏమీ లేదా? కరపత్రంలో 'ఆస్టియోపతిక్ మానిప్యులేటివ్ ట్రీట్‌మెంట్' అని ఒక పేరా కూడా ఉంది.

వివరంగా సమాధానం రాసిన సభ్యురాలు:

ఉన్న తేడా అదేనండీ. మిగతా చదువుతో పాటు వాళ్లు రెండు వందల గంటల దాకా ఈ చేతి చికిత్స నేర్చుకుంటారు. లైసెన్సు పరీక్ష కూడా వేరు, ఎం.డి.లది యు.ఎస్.ఎం.ఎల్.ఇ., డి.ఓ.లది కామ్‌లెక్స్. చికిత్స ఎలా ఉంటుందంటే, మెడ పట్టేసినవారిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెడతారు. డాక్టరు తల కింద ఒక చేయి పెట్టి, మెడ ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు మెల్లగా తిప్పి, చెంప మీద రెండో అరచేయి ఆనిస్తారు. "నా చేతిని కొంచెం నెట్టండి" అంటారు. కొన్ని క్షణాలు నెట్టి, వదిలేయమంటారు. కండరం సడలగానే మెడ ఇంకాస్త తిరుగుతుంది. అలా కొన్నిసార్లు చేస్తారు. నడుం నొప్పికి ఇలాంటి చికిత్స కొంత ఉపశమనం ఇస్తుందని పరిశోధనలు ఉన్నాయి. పుర్రె ఎముకలను సవరించి జబ్బులు తగ్గిస్తామనే శాఖకు మాత్రం గట్టి ఆధారం లేదు. పని ఒత్తిడిలో పడ్డాక ఈ చికిత్స జోలికే పోని డి.ఓ.లు చాలామంది ఉన్నారు, అందుకని కరపత్రంలో "అందరూ చేస్తారు" అన్నట్టు రాయకండి.

ప్రశ్న అడిగినవారు:

ఇలా మార్చాను: "మా డాక్టర్లలో కొందరు ఎం.డి., కొందరు డి.ఓ. చదివారు. అమెరికాలో ఈ రెండూ పూర్తి వైద్య పట్టాలే. ఇద్దరూ అన్ని జబ్బులూ చూస్తారు, మందులు రాస్తారు. డి.ఓ.లు మెడ, నడుం నొప్పుల వంటి వాటికి చేతులతో చేసే చికిత్స కూడా నేర్చుకుని ఉంటారు. కావాలంటే అడగండి." మా అత్తగారికి చదివి వినిపించాను. బీపీ చూపించుకోవడానికి ఏ డాక్టరు ఖాళీగా ఉంటే ఆ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోమన్నారు.